నలుగురి బల్లకి 240 కార్డులు: ఒక క్యూబ్ తయారైన తీరు

మ్యాజిక్: ద గ్యాదరింగ్ అనే కార్డుల ఆట ఆడేవాళ్లు క్యూబ్ అని పిలిచేది సొంతంగా ఏరి కూర్చుకున్న కార్డుల డబ్బాని. సీలు వేసిన ప్యాకులు కొని డ్రాఫ్ట్ (ప్యాకుల్లోంచి ఒక్కో కార్డు ఏరుకుంటూ అక్కడికక్కడే డెక్ కట్టుకునే పద్ధతి) ఆడితే ఆ సాయంత్రానికి ఖర్చు పెట్టిన డబ్బు అక్కడికే చెల్లు. క్యూబ్‌కి ఆ బాధ లేదు. ఉన్న కార్డులనే కలిపి, ప్యాకులుగా పంచి, ఆట అయ్యాక మళ్లీ డబ్బాలో వేసేస్తాం. అందరూ వాడే లెక్క ఇది: ఎనిమిది మంది ఆటగాళ్లు, ఒక్కొక్కరికి 15 కార్డుల ప్యాకులు మూడు, మొత్తం 360 కార్డులు. ప్యాక్‌లోంచి ఒక కార్డు తీసుకుని మిగతావి పక్కవాళ్లకి అందిస్తూ పోతే చివరికి ఒక్కొక్కరి దగ్గర 45 కార్డులు చేరతాయి. అందులో 23 ఏరుకుని, 17 ల్యాండ్లు (మిగతా కార్డులు వేయడానికి కావలసిన మానా, అంటే శక్తి, ఇచ్చే కార్డులు) కలిపితే 40 కార్డుల డెక్ సిద్ధం.

ఇంటర్నెట్‌లో దొరికే క్యూబ్ లిస్టులు చాలావరకు ఈ ఎనిమిది మంది లెక్క మీదే ఉంటాయి. హైదరాబాద్‌లో మా గుంపుకి ఎనిమిది మంది కుదరడం కలలో మాట. ఒకడు మియాపూర్, ఒకడు ఉప్పల్, ఒకరికి శనివారం కూడా ఆఫీస్ కాల్స్. మామూలుగా నలుగురు వస్తారు, పండగ సెలవులుంటే ఆరుగురు, వాన గట్టిగా పడితే ఇద్దరే. అందుకే నేను కార్డుల జోలికి పోకముందే కుర్చీలు లెక్కపెట్టుకున్నాను.

వచ్చే నలుగురిలో ఇద్దరం పాత ఆటగాళ్లం. మూడో అతను జీవితమంతా రమ్మీ తప్ప ఇంకేదీ ముట్టుకోనివాడు. నాలుగో ఆమె ఒక మిత్రుడి చెల్లెలు, మాకూ చెల్లెమ్మే, బోర్డ్ గేమ్స్ బాగా ఆడుతుంది కానీ మ్యాజిక్ కొత్త. రాత్రి పదికల్లా అందరూ బయల్దేరాలి. ఈ క్యూబ్‌లో ప్రతి నిర్ణయమూ ఈ షరతుల్లోంచి వచ్చిందే.

డబ్బా ఎంత పెద్దది

360 కార్డుల క్యూబ్‌తో నలుగురు ఆడితే బయటికొచ్చేవి 180, అంటే సగం. ఒక థీమ్ (ఒకే ఎత్తు కోసం కలిసి పనిచేసే కార్డుల జట్టు) కోసం ఎనిమిది కార్డులు పెట్టామనుకోండి, ఆ రోజు సగటున నాలుగే కనిపిస్తాయి. అందులో ఒకటో రెండో వేరేవాళ్లు ఎత్తేస్తారు. మిగిలిన రెండు కార్డులతో థీమ్ నడవదు, ఆ డెక్ కట్టినవాడికి నీరసం తప్ప ఏమీ మిగలదు.

డబ్బాని 240కి కుదించాను. ఒక్కో రంగుకి 36 చొప్పున ఐదు రంగులకి 180, రెండు రంగుల కార్డులు జంటకి రెండు చొప్పున 20, ఏ రంగూ లేనివి 20, ల్యాండ్లు 20. నలుగురు ఆడితే నాలుగింట మూడు వంతులు బయటికొస్తాయి. పన్నెండు కార్డుల థీమ్‌లో తొమ్మిది దాకా కనిపిస్తాయి, అయినా ప్రతిసారీ ఏ తొమ్మిదో తెలీదు. మొత్తం 180 కార్డులే పెట్టి అన్నీ ప్రతిసారీ వచ్చేలా చేసేవాళ్లూ ఉన్నారు. నాకది నచ్చదు. నాలుగు ఆటలయ్యేసరికి లిస్టు మొత్తం బట్టీ వచ్చేస్తుంది.

240 పెట్టుకోవడంలో ఇంకో సుఖం ఉంది. ఆరుగురు వస్తే 10 కార్డుల ప్యాకులు నాలుగేసి ఇస్తే సరిగ్గా డబ్బా ఖాళీ. తలా 40 కార్డులు, డెక్‌కి చాలు.

ప్యాక్ సైజు కూడా మార్చాను. నలుగురి మధ్య 15 కార్డుల ప్యాక్ తిరిగితే అది మీ చేతికి నాలుగుసార్లు వస్తుంది: ఒకటో పిక్, ఐదు, తొమ్మిది, పదమూడు. మొదటి ప్యాక్ చూడగానే ఏవి తిరిగొస్తాయో పాత ఆటగాడు లెక్క కట్టేస్తాడు, కొత్తవాళ్లు ఊరికే కార్డులు మోస్తూ కూర్చుంటారు. మేం 9 కార్డుల ప్యాకులు ఐదు వాడతాం. మొత్తం అవే 45 కార్డులు, కానీ తాజా ప్యాక్ తెరిచే సరదా మూడుసార్లకి బదులు ఐదుసార్లు దొరుకుతుంది. ప్యాక్ మీ దగ్గరికి ఐదో పిక్‌లో ఒకసారి తిరిగొస్తుంది, తొమ్మిదో పిక్‌కి ఒక్క కార్డే మిగులుతుంది. రమ్మీ అతను ఇక్కడ అందరికంటే ముందు దారిలో పడ్డాడు. పక్కవాడు ఏ ముక్క ఎత్తాడు, ఏది పారేశాడు అని చూసే కన్ను అతనికి ముందే ఉంది. ఐదో పిక్‌లో ప్యాక్ తిరిగొచ్చినప్పుడు ఎర్ర కార్డులు రెండు మాయమైతే చాలు, బల్లకి అవతల ఎవరు ఎరుపు ఆడుతున్నారో చెప్పేస్తాడు. మాకు మాత్రం అతని రంగులు డెక్ బయటికొచ్చేదాకా తెలియవు.

కామన్లు మాత్రమే

మ్యాజిక్ 1993లో వచ్చింది, రిచర్డ్ గార్ఫీల్డ్ రూపొందించారు. అప్పటి నుంచి ఇప్పటిదాకా వచ్చిన వేల కార్డుల్లోంచి ఏరాలంటే ఎక్కడో ఒక గీత గీసుకోవాలి. నేను గీసిన గీత: ఎప్పుడో ఒకప్పుడు కామన్‌గా, అంటే ప్యాకుల్లో అన్నిటికంటే ఎక్కువగా దొరికే రకంగా, అచ్చయిన కార్డులే. ఇలాంటి క్యూబ్‌ని పాపర్ క్యూబ్ అంటారు. ఖర్చు ఒక కారణం. అమెరికాలో కామన్ కార్డు చిల్లర డబ్బులకే దొరుకుతుంది, దాన్ని ఇక్కడికి తెప్పించే పోస్టేజీ, కస్టమ్స్ కార్డు ఖరీదుని మించిపోతాయి. మాకు మాత్రం చుట్టాల సూట్‌కేసులే దిక్కు: పచ్చళ్లు అటు, కార్డులు ఇటు.

అంతకంటే పెద్ద కారణం చదివే భారం. కామన్ కార్డుల్లో చిక్కులు తగ్గించాలని మ్యాజిక్ డిజైన్ బృందం ఒక పద్ధతి పెట్టుకుంది, దాని గురించి ముఖ్య డిజైనర్ మార్క్ రోజ్‌వాటర్ 2011లో వివరంగా రాశారు కూడా. ఆ పద్ధతి వచ్చాక అచ్చయిన కామన్లు కొత్తవాళ్లు ఒకసారి చదివితే అర్థమవుతాయి. 1990ల కామన్లు అలా కాదు. కొన్ని కార్డులు ఒంటి చేత్తో ఆటని పట్టేసుకుంటాయి. వాటి సంగతి కిందకొస్తుంది.

ఇద్దరు గిరాకీలు

మ్యాజిక్‌లో ఐదు రంగులుంటే పది జంటలు. పది జంటలకీ పది వేర్వేరు థీమ్‌లు పెట్టడం క్యూబ్ కట్టేవాళ్ల అలవాటు. ఎనిమిది మంది ఉంటే అది నడుస్తుంది. నలుగురితో పది థీమ్‌లంటే ఆరు థీమ్‌ల సరుకు ఎవరికీ అక్కర్లేకుండా చేతులు మారుతూ ఉంటుంది.

నేను నాలుగే థీమ్‌లు పెట్టి, ఒక్కొక్కటి మూడు రంగుల్లోకి పాకేలా పరిచాను. బల్ల మీదకి వస్తూనే పని చేసే క్రీచర్లు (మన తరఫున పోరాడే ప్రాణులు) తెలుపు, నీలం, ఆకుపచ్చల్లో. చిన్న చిన్న క్రీచర్లని పోగుచేసి బలిచ్చి లాభం తీసుకునే డెక్ తెలుపు, నలుపు, ఎరుపుల్లో. ఇన్‌స్టంట్లు, సార్సరీలు అనే ఒక్కసారి పనిచేసి పోయే స్పెల్స్ వరసగా వేసే డెక్ నీలం, ఎరుపు, నలుపుల్లో. గ్రేవ్‌యార్డ్‌ని (వాడేసిన, చచ్చిన కార్డుల కుప్పని) వాడుకునే డెక్ నలుపు, ఆకుపచ్చ, ఎరుపుల్లో. ఈ గీతలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి కదా, పడాలనే అలా పరిచాను.

ప్రతి కార్డుకీ ఒకటే పరీక్ష: దీనికి కనీసం ఇద్దరు గిరాకీలున్నారా? విలేజ్ రైట్స్ ఒక్క నల్ల మానాకి ఒక క్రీచర్‌ని బలిచ్చి రెండు కార్డులు ఇస్తుంది. బలి డెక్‌కి కావాలి, ఇన్‌స్టంట్ కాబట్టి స్పెల్ డెక్‌కీ పనికొస్తుంది. ఫెయిత్‌లెస్ లూటింగ్ రెండు కార్డులు తీసుకుని రెండు పారేయమంటుంది, అదే గ్రేవ్‌యార్డ్ డెక్‌కి పండగ. ఫ్లాష్‌బ్యాక్ ఉంది, అంటే గ్రేవ్‌యార్డ్‌లోంచి ఇంకోసారి వేయొచ్చు, కాబట్టి స్పెల్ డెక్‌కి ఒకే కార్డులో రెండు స్పెల్స్. కోర్ స్కైఫిషర్ రెండు మానాకే వచ్చే 2/3 (కొట్టే బలం 2, తట్టుకునే బలం 3) ఎగిరే క్రీచర్, దూకుడుగా ఆడేవాడికి ఎలాగూ కావాలి. అది వస్తూనే మన కార్డు ఒకటి చేతిలోకి తిరిగిస్తుంది కాబట్టి వస్తూ పని చేసే క్రీచర్లున్నవాడికి ఇంకా ఇష్టం. డూమ్డ్ ట్రావెలర్ చస్తే ఎగిరే 1/1 టోకెన్ (కార్డు లేని క్రీచర్) వదిలిపెడుతుంది. బలి డెక్‌కి ఒక్క కార్డులో రెండు ప్రాణాలు, దూకుడు డెక్‌కి ఒకటో టర్న్ క్రీచర్.

ఈ పరీక్ష దగ్గర ఓడిపోయినవాటిలో స్లివర్ల జాతి క్రీచర్లు ముందుంటాయి. "మామా, స్లివర్లు పెట్టరా, మజా వస్తది" అని పాత ఆటగాడు నా ప్రాణం తోడేశాడు. మజిల్ స్లివర్, సైన్యూ స్లివర్, ప్రెడేటరీ స్లివర్ మూడూ కామన్లే, ఒక్కొక్కటీ తనతో సహా మన స్లివర్లన్నిటికీ +1/+1 ఇస్తుంది. కానీ చేతిలో ఆరేడు స్లివర్లు పడితే తప్ప ఆ డెక్ లేదు. వాడొక్కడే వాటిని తీసుకుంటాడు, మిగతా ముగ్గురికీ అవి చెత్త. "నీకొక్కడికే కావలసినవి నువ్వు డెక్‌గా కట్టుకుని తెచ్చుకో, క్యూబ్‌లోకి మాత్రం రానివ్వను" అన్నాను. రెండు వారాలు ముఖం మాడ్చుకుని కూర్చున్నాడు.

ల్యాండ్లకి కూడా ఇదే పరీక్ష పెడితే లిస్టు మారిపోయింది. గిల్డ్‌గేట్ లాంటి రెండు రంగుల ల్యాండ్‌కి ఆ జంట ఆడేవాడొక్కడే గిరాకీ. 2020లో జంప్‌స్టార్ట్‌తో వచ్చిన థ్రైవింగ్ ల్యాండ్లు ఒక రంగు తమదే ఇచ్చి, రెండోది దించేటప్పుడు మనల్ని ఎంచుకోమంటాయి. నీలం ఆడే ఎవరైనా, పక్కన ఏ రంగు పెట్టుకున్నా, థ్రైవింగ్ ఐల్ ఎత్తుకోవచ్చు. అందుకే ఒక కార్డు ఒకే కాపీ అన్న క్యూబ్ నియమాన్ని ఇక్కడ సడలించి, ఐదు రకాలూ రెండేసి కాపీలు వేశాను. మిగతా పదీ రావ్నికా సెట్లలో వచ్చిన బౌన్స్ ల్యాండ్లు, జంటకి ఒకటి. అవి గిరాకీ పరీక్షలో తప్పుతాయి, నిజమే. కానీ ఒక్క ల్యాండ్ రెండు మానా ఇవ్వడం కొత్తవాళ్లకి భలే నచ్చుతుంది, ల్యాండ్లు దొరక్క ఆట పోయిందన్న ఏడుపూ తగ్గుతుంది.

కౌంటర్‌స్పెల్‌కి రెండు నీలం మానా కావాలి, పక్కాగా నీలం ఆడేవాడికే అది. అయినా ఉంచాను. నాకిష్టం, అంతే.

బల్ల మీద తేలినవి

లిస్టు కాగితం మీద ఎంత బాగున్నా బల్ల మీద దాని సంగతి వేరు. క్యూబ్ కోబ్రా సైట్‌లో లిస్టు పెట్టి కంప్యూటర్‌తో డ్రాఫ్ట్ ఆడి చూడొచ్చు, నేనూ చూశాను. రంగుల మధ్య తూకం, మానా ఖరీదుల వరస అక్కడ బాగానే తెలుస్తాయి. ఎదుటి మనిషి ముఖం మాత్రం కనబడదు.

ముందుగా క్యాప్‌సైజ్. 1997 నాటి టెంపెస్ట్ సెట్‌లో వచ్చిన కామన్. మూడు మానాకి బల్ల మీదున్న ఏ కార్డునైనా దాని యజమాని చేతికి తిప్పి పంపిస్తుంది. ఇంకో మూడు మానా కడితే క్యాప్‌సైజ్ కూడా మన చేతికే తిరిగొస్తుంది. ఆరు ల్యాండ్లు పడ్డాక ప్రతి టర్న్‌లో ఎదుటివాళ్ల ల్యాండ్ ఒకటి వెనక్కి పంపిస్తూ కూర్చోవచ్చు. ఎదుటి వైపు బౌన్స్ ల్యాండ్ ఉంటే దెబ్బ రెండింతలు. ఆట ఓడిపోయినట్టు తెలుస్తూనే ఉంటుంది, అయిపోదు. మా చెల్లెమ్మ ఇరవై నిమిషాలు ఒకే ల్యాండ్‌ని దించుతూ, ఎత్తుతూ కూర్చుని చివరికి "అన్నా, నేను టీ పెట్టుకొస్తా, అయిపోతే చెప్పండి" అంది. ఆ రాత్రే క్యాప్‌సైజ్ బయటికి వెళ్లింది. దాన్ని వాడి గెలిచే శాతం ఎంత అన్న లెక్క నాకు అక్కర్లేదు, పది గంటల గడువు చాలు.

పెస్టిలెన్స్‌ది కాస్త ఆలోచించాల్సిన కేసు. ఒక్కో నల్ల మానాకి ప్రతి క్రీచర్‌కీ, ప్రతి ఆటగాడికీ ఒక్కో డ్యామేజ్. కార్డుగా గొప్పది. కానీ అది దిగాక 1/1 టోకెన్లు పోగేసే డెక్‌కి ఆట లేనట్టే. నాలుగు థీమ్‌లలో ఒకదాన్ని ఒక్క కార్డు మూసేస్తుందంటే అది ఈ డబ్బాకి తగదు. బదులుగా క్రిప్ట్ ర్యాట్స్ ఉంచాను. అదీ అందరినీ కొడుతుంది, కానీ ఒక్కసారే, అదీ కట్టిన నల్ల మానా మేరకే. టోకెన్ల వాడికి మళ్లీ కట్టుకునే అవకాశం ఉంటుంది.

రిమూవల్ కూడా తగ్గించాల్సి వచ్చింది. క్రీచర్లని చంపే కార్డులు పాపర్ క్యూబ్‌లో చవగ్గా, లెక్కకి మిక్కిలిగా దొరుకుతాయి. మొదటి లిస్టులో ఎరుపు, నలుపుల్లో పదేసి ఉండేవి, ఎవరు ఏం దించినా అది వెంటనే పోయేది. చిన్న చిన్న క్రీచర్ల జతల మీద బతికే డెక్‌లకి ఊపిరాడేది కాదు. ఇప్పుడు ఎరుపు 7, నలుపు 7, తెలుపు 6, నీలం 5, ఆకుపచ్చ 4. లైట్నింగ్ బోల్ట్, జర్నీ టు నోవేర్ లాంటివి కదపలేదు. తీసేసినవి ఎక్కువగా నాలుగైదు మానావి.

ఇక ఈ క్యూబ్ ఎందుకు ఇలా ఉండాలో ఒక్క ఆటలో చూపించాలంటే నేను చెప్పేది మల్‌డ్రిఫ్టర్ సంగతే. మామూలుగా దాని ఖరీదు ఐదు మానా: ఎగిరే 2/2, వస్తూనే రెండు కార్డులు. ఇవోక్ చేస్తే మూడే మానా, కానీ వచ్చాక బలైపోతుంది. చెల్లెమ్మ నాలుగో టర్న్‌లో నాలుగు ల్యాండ్లతో మూడు మానాకి ఇవోక్ చేసింది. రెండు కార్డులు తీసుకుంది. బలి ట్రిగ్గర్ ఇంకా స్టాక్ మీద, అంటే అమలు కావలసినవాటి వరసలో, ఉండగానే మిగిలిన ఒక్క తెల్ల మానాతో ఎఫిమరేట్ వేసింది. మల్‌డ్రిఫ్టర్ ఆటలోంచి బయటికి పోయి వెంటనే తిరిగొచ్చింది, మళ్లీ రెండు కార్డులు. "ఇప్పుడిది చచ్చిందా, బతికిందా?" అని అడిగింది. బతికింది. తిరిగొచ్చినదాన్ని ఆట కొత్త క్రీచర్‌గా చూస్తుంది, పాత బలి ట్రిగ్గర్ దాన్ని పట్టుకోలేదు. పైగా ఎఫిమరేట్‌కి రీబౌండ్ ఉంది, తర్వాతి టర్న్ అప్‌కీప్‌లో ఖర్చు లేకుండా ఇంకోసారి పడుతుంది, ఇంకో రెండు కార్డులు. నాలుగు మానా పెట్టి ఆరు కార్డులు, బల్ల మీద ఒక ఎగిరే క్రీచర్. ఇది ఎవరూ నేర్పలేదు. తెలుపు, నీలం కార్డులు వస్తూ ఉంటే తీసుకుంటూ పోయింది, డెక్ కట్టాక చూసుకుంది.

మల్‌డ్రిఫ్టర్ ఆమె కోసం దాచిపెట్టిన కార్డు కాదు. నీలం ఆడే ఎవరికైనా అది కావాలి. ఇవోక్ చేసి పారేస్తే గ్రేవ్‌యార్డ్‌లో పడుతుంది, నలుపు వాడు గ్రేవ్‌డిగ్గర్‌తో తిరిగి తెచ్చుకుంటాడు. ఇద్దరు దాని మీద కన్నేశారు కాబట్టే ఆమె దాన్ని మొదటి పిక్‌గా ఎత్తాల్సి వచ్చింది.

సరుకు, సరంజామా

దొరకని కార్డులకి ప్రింట్లు వాడతాం. ఆట తయారుచేసే విజార్డ్స్ ఆఫ్ ద కోస్ట్ సంస్థే, డబ్బు చేసుకోకుండా సొంత ఆట కోసం చేసుకునే ప్లేటెస్ట్ కార్డుల జోలికి వచ్చే ఉద్దేశం లేదని 2016లో చెప్పింది. అధికారిక టోర్నమెంట్లలో మాత్రం చెల్లవు. కార్డు కొలత 63 × 88 మిల్లీమీటర్లు, ఏ4 షీటు మీద మూడు వరసల్లో తొమ్మిది పడతాయి. జిరాక్స్ షాపులో "ఫిట్ టు పేజ్" తీసేసి 100 శాతం సైజులోనే కొట్టమని పక్కనే నిలబడి చెప్పాలి, లేకపోతే అన్నీ చిన్నవైపోతాయి. మామూలు కాగితం చాలు. కత్తిరించి, వెనక పనికిరాని పాత కార్డు ఒకటి పెట్టి స్లీవ్‌లోకి దూరిస్తే అసలుదానికీ దీనికీ చేతికి తేడా తెలియదు. స్లీవ్‌లు వెనక వైపు కనబడనివి, అన్నీ ఒకే రకం, ఒకేసారి కొన్నవి అయ్యుండాలి. ఫాయిల్ కార్డులు పెట్టను. వానాకాలం వచ్చిందంటే అవి వంగిపోతాయి, దొంతరలో ఎక్కడున్నాయో అందరికీ తెలిసిపోతుంది.

టోకెన్లకి చింతపిక్కలు. అష్టాచెమ్మాకి అరగదీసినట్టే ఒక వైపు అరగదీసి పెట్టాం. తెల్ల వైపు పైకుంటే క్రీచర్ సిద్ధంగా ఉన్నట్టు, నల్ల వైపు పైకుంటే ట్యాప్ అయినట్టు, అంటే వాడేసినట్టు. పాచికల్ని ఇలా తిప్పి చూపించలేం, అందుకే కొన్నవి పక్కన పెట్టేశాం. పక్క ఫ్లాట్ పెద్దాయన ఒకసారి తొంగిచూసి, పేక ముక్కలతో పాటు చింతపిక్కలేంటని అడిగి, జవాబు వినకుండానే వెళ్లిపోయారు.

ఇద్దరే వచ్చిన రోజుకి విన్‌స్టన్ డ్రాఫ్ట్ ఉంది, అదీ గార్ఫీల్డ్ పద్ధతే. 90 కార్డుల దొంతర, పక్కన ఒక్కో కార్డుతో మూడు కుప్పలు. మొదటి కుప్ప చూసి నచ్చితే మొత్తం తీసుకోవాలి, వద్దనుకుంటే దాని మీద ఒక కార్డు వేసి రెండోదానికి వెళ్లాలి. మూడూ వద్దంటే దొంతర పైనున్న కార్డు మనది. దీనికి క్యూబ్‌లో ప్రత్యేకంగా ఏమీ మార్చక్కర్లేదు.

ఇప్పుడు నడుస్తున్న మార్పు

ప్రతి డ్రాఫ్ట్‌లో 20 ప్యాకులు తిరుగుతాయి, అంటే 20 కార్డులు చివరి పిక్‌లుగా మిగులుతాయి. వాటి పేర్లు ఒక నోట్‌బుక్‌లో రాస్తాం. ఒకే పేరు పదే పదే వస్తుంటే దాని గిరాకీ గురించి మళ్లీ ఆలోచిస్తాను. ఒక విడతలో పదికి మించి మార్చను. లిస్టు కొంచెమైనా తెలిసి ఉంటేనే స్నేహితులకి ఎత్తులు వేసే సరదా ఉంటుంది.

ఆ నోట్‌బుక్‌లో తేలింది ఆకుపచ్చ సమస్య. నలుగురూ రెండేసి రంగులు ఆడితే మొత్తం ఎనిమిది చోట్లు, ఐదు రంగులు. ఒక్కో రంగుకి ఇద్దరు కూడా సరిగ్గా రారు. ఒక రంగుని మిగతావాళ్లెవరూ పట్టించుకోకపోతే, దాన్ని పట్టినవాడికి బయటికొచ్చిన 27 కార్డులూ ఒక్కడికే. ఆకుపచ్చలో ఇది తరచూ జరుగుతోంది. లానోవర్ ఎల్వ్స్, ర్యాంకర్ వేసుకుని ఒకే రంగుతో, ల్యాండ్ల టెన్షన్ లేకుండా ముగ్గురినీ తొక్కేస్తున్నారు. ర్యాంకర్ తీసేయమని ఇద్దరు పట్టుబట్టారు. నేను దాన్ని ముట్టుకోలేదు. కారణం పక్కన ఉంది: ఆకుపచ్చలో రెండేసి పచ్చ మానా అడిగే కార్డులు ఎక్కువ. గారుక్స్ కంపానియన్ రెండు పచ్చ మానాకి 3/2, పక్కా ఆకుపచ్చవాడికి తప్ప ఎవరికీ రెండో టర్న్‌లో దిగదు. అలాంటివి తీసి ఎల్విష్ విజనరీ, సెటర్ వేఫైండర్, పెనంబ్రా స్పైడర్ వేస్తున్నాను. విజనరీ వస్తూనే ఒక కార్డు ఇస్తుంది, తెలుపు, నీలం వాళ్లు దానికోసం ఆకుపచ్చలో కాలు పెడతారు. వేఫైండర్ గ్రేవ్‌యార్డ్ నింపుతుంది, నలుపు వాడికి కావాలి. స్పైడర్‌కి రెండు పచ్చ మానా కావలసిందే, కానీ నాలుగో టర్న్‌కి అవి రెండు రంగులవాడికీ కుదురుతాయి, చచ్చినా ఇంకో స్పైడర్‌ని వదిలిపోతుంది కాబట్టి బలిచ్చేవాడికీ గిట్టుబాటే.

వీటితో పాటు ఇంకో ఐదు కార్డులు మారుతున్నాయి. రాబోయే కొన్ని డ్రాఫ్ట్‌ల్లో ఇద్దరు ఆకుపచ్చ కోసం కొట్టుకుంటే ర్యాంకర్ ఉంటుంది. అప్పటికీ ఒక్కడే దోచుకుపోతుంటే ర్యాంకర్ సంగతి మళ్లీ చూస్తాను. స్లివర్లు మాత్రం రావు.